కొట్టంలో తెల్లవార్లూ వెలిగే అరవై బల్బు

పరకాల దగ్గరి ఒక ఊరి నుంచి ఒక చెల్లెలు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. కొంచెం కుదించి ఇస్తున్నాను.

"అన్నా, నమస్తే. మాకు తెల్ల కార్డు ఉంది. గృహజ్యోతి కింద చలికాలమంతా సున్నా బిల్లే వచ్చింది. ఏప్రిల్‌ల 219 యూనిట్లు, మేల 228 యూనిట్లు కాలింది. 200 దాటిందని రెండు నెలలూ మొత్తం బిల్లు కట్టినం. అప్పటి సంది ఇంట్ల రోజూ లైట్ల పంచాయితే. పాప ఇంటర్ రెండో సంవత్సరం. రాత్రి పది కొట్టంగనే ఆమె రూముల లైటు బంద్ చేయమంటడు మా మామ. ఆయనకు 68 ఏండ్లు. హాల్ల, పాప రూముల పాత ట్యూబులైట్లు. వంటింట్ల అరవై బల్బు, బాత్రూంల నలభై బల్బు, మేం పండే రూముల జీరో బల్బు. వెనక బర్రె కొట్టంల ఇంకో అరవై బల్బు, అది పాము భయానికి తెల్లారేదాక వెలుగుతది. పోయినేడు అంగట్ల 50 రూపాయలకొకటి లెక్కన నాలుగు ఎల్‌ఈడీ బల్బులు తెస్తే మూడు నెలలకే మూడు పోయినయి. నాలుగోది స్విచ్ బంద్ చేసినా సన్నగ మెరుస్తనే ఉంటది. మా చిన్నోడు దయ్యమున్నదని ఆ రూముకే పోతలేడు. ఆ తెల్ల వెలుగు కండ్లల్ల గుచ్చుతదని మామ అంటడు. మా ఆయనేమో, ఏడాదిల ఎక్కువ నెలలు ఫ్రీ వస్తుంటే బల్బుల మీద పైసలు పెట్టుడెందుకంటడు. నిజంగ ఫరక్ పడతదా? పడితే ఏవి ముందు మార్చాలె? కండ్లకు మంచిది కాదన్నది నిజమేనా?"

చెల్లె, అన్నిటికంటే ముందు ఒక పని చేయండి. ఇవాళ రాత్రి నుంచి పాప గదిలో లైటు పదింటికి ఆపొద్దు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు కింద కూర్చుని పదినుంచి పన్నెండు దాకా రోజూ చదివినా నెలకు అయ్యే కరెంటు అర యూనిట్ చిల్లర. 9 వాట్లను రెండు గంటలతో, ముప్పై రోజులతో హెచ్చవేస్తే 540 వస్తుంది. వెయ్యి అయితేనే ఒక యూనిట్. ఇప్పుడున్న పాత ట్యూబు కిందే చదివినా మూడు యూనిట్ల పైచిలుకే. మీ బిల్లు 228కి పోవడానికి ఆ పిల్ల పుస్తకం కారణం కాదు. ఇంటర్ రెండో సంవత్సరం పిల్లను చీకట్లో కూర్చోబెట్టి మిగిల్చే కరెంటు మనకొద్దు. మిగలాల్సిన కరెంటు వేరే చోట ఉంది, అది చూపిస్తాను.

నేను హన్మకొండలో ముప్పై ఏళ్లుగా ఇళ్లకు, షాపులకు వైరింగ్ చేస్తున్న మనిషిని. ఎవరింటికి పోయినా మొదట అడిగేది ఒకటే: ఏ లైటు ఎన్ని గంటలు వెలుగుతుంది? ఎంత పెద్ద బల్బు అన్నది సగం లెక్కే. మిగతా సగం గంటలు. చాలామంది హాల్లో బాగా కనబడే లైట్ల గురించే ఆలోచిస్తారు. ఎవరూ చూడని మూలన తెల్లవార్లూ వెలిగేదాన్ని మర్చిపోతారు. మీ ఇంట్లో అది కొట్టంలో బల్బు.

60 వాట్లు, రాత్రికి 11 గంటలు, నెలకు ముప్పై రాత్రులు. లెక్క కడితే 19.8 యూనిట్లు. మీ ఇంట్లో ఇంకే లైటూ ఇంత తినదు. అదే హోల్డరులో 9 వాట్ల ఎల్‌ఈడీ పెడితే అంతే వెలుతురుతో నెలకు 3 యూనిట్లు కూడా కాదు. ఒక్క బల్బుతో పదహారు, పదిహేడు యూనిట్లు దిగిపోతాయి. మామగారి పాము భయం నిజమైన భయమే. కొట్టంలో దీపం ఆర్పమని నేను అనను. తెల్లవార్లూ వెలగనివ్వండి, కాకపోతే దీపం మార్చండి. తెల్ల కాంతి కన్నా పసుపు కాంతికి పురుగులు తక్కువ వస్తాయి కాబట్టి అక్కడికి వార్మ్ వైట్ అని రాసి ఉన్నదే తేండి.

ఇక హాల్లో, పాప గదిలో ట్యూబులైట్లు. ఆ పాత లావు ట్యూబు మీద 40 వాట్లు అని రాసి ఉంటుంది, కానీ ఆ రాత ట్యూబుకే. ట్యూబు బిగించే పట్టీ లోపల రాగి తీగ చుట్టిన చోక్ ఉంటుంది కదా, అది ఇంకో 10 నుంచి 15 వాట్లు తింటుంది. ఒకసారి ఒక టైలర్ తమ్ముడి షాపులో పట్టీ విప్పుతూ చోక్ మీద వేలు పెట్టి చురుక్కుమని చేయి లాక్కున్నాను. ఆ వేడి మొత్తం ఆ తమ్ముడు బిల్లులో కట్టిన డబ్బు, వెలుతురుగా మాత్రం రాలేదు. రెండూ కలిపి 55 వాట్లు అనుకుంటే, హాల్లో రోజుకు ఐదు గంటలకు నెలకు 8 యూనిట్ల పైన, పాప గదిలో ఆరు గంటలకు దాదాపు 10 యూనిట్లు. వాటి బదులు నాలుగడుగుల 20 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటెన్లు (పట్టీతో కలిపే వచ్చే పొడుగు లైట్లు) బిగిస్తే రెండు చోట్లా కలిపి ఆరున్నర యూనిట్లతో సరిపోతుంది. వెలుగు తగ్గుతుందేమోనని భయం వద్దు. చివర్లు నల్లబడ్డ పాత ట్యూబు ఎప్పుడో మసకబారి ఉంటుంది, పైగా దాని వెలుగులో కొంత పైకి, గోడకు పోతుంది. బ్యాటెన్ వెలుగు కిందికే పడుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. పాత పట్టీని అలాగే ఉంచి అందులో ఎల్‌ఈడీ ట్యూబు ఒక్కటి గుచ్చితే పైసలు మిగులుతాయని కొందరు చెబుతారు. ఆ ట్యూబులు కొన్ని చోక్, స్టార్టర్ తీసేసి వైరు నేరుగా ఇస్తేనే పనిచేస్తాయి. కొన్ని చోక్ ఉన్నా వెలుగుతాయి కానీ చోక్ తన వాటా తింటూనే ఉంటుంది. పట్టీతో సహా విప్పేసి బ్యాటెన్ బిగించుకోవడమే మంచి పని. ఎలక్ట్రీషియన్‌కు రెండింటికీ కలిపి అరగంట పట్టదు.

వంటింట్లో అరవై బల్బు రోజుకు నాలుగు గంటలకు 7 యూనిట్లు. 9 వాట్ల ఎల్‌ఈడీకి అదే ఒక యూనిట్. జీరో బల్బు పేరుకే జీరో. పాత రకం గాజు బుడ్డి అయితే 12 నుంచి 15 వాట్ల దాకా లాగుతుంది. రాత్రంతా వెలిగితే నెలకు దాదాపు 4 యూనిట్లు. అర వాటు ఎల్‌ఈడీ నైట్ ల్యాంపుకు నెల మొత్తానికి యూనిట్‌లో ఆరో వంతు కూడా కాదు. బాత్రూంలో నలభై బల్బును మాత్రం ముట్టుకోకండి. రోజుకు గంటసేపు వెలిగేది నెలకు ఒక యూనిట్ చిల్లరే. అదే పోయినప్పుడు మార్చుకోవచ్చు.

ఇవన్నీ కూడితే ఇప్పుడు మీ లైట్లకు నెలకు 50 యూనిట్లు పోతున్నాయి. మార్చాక 12. అంటే 38 యూనిట్లు తగ్గుతాయి. మే నెల 228 నుంచి 38 తీస్తే 190. ఏప్రిల్ 219 నుంచి తీస్తే 181. రెండు నెలలూ 200 లోపే.

నా మాట నమ్మక్కర్లేదు, మీ మీటరునే అడగండి. మీటరు మీద చిన్న ఎర్ర లైటు మిణుకు మిణుకుమంటుంది చూడండి. దాని పక్కన ఒక సంఖ్య ఉంటుంది, చాలా ఇళ్ల మీటర్ల మీద 3200. ఆ ఎర్ర లైటు 3200 సార్లు మిణికితే ఒక యూనిట్ కాలినట్టు. మీ మీటరు మీద వేరే సంఖ్య ఉంటే దానితోనే లెక్క వేసుకోండి. సాయంత్రం ఒక పది నిమిషాలు ఫ్రిజ్, ఫ్యాన్లు, టీవీ అన్నీ ఆపేసి, కొట్టంలో బల్బు ఒక్కటే వేయండి. పాపను ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని మీటరు దగ్గర నిలబడమనండి. అరవై బల్బుకు దాదాపు 19 సెకన్లకోసారి మిణుకుతుంది. 9 వాట్ల ఎల్‌ఈడీకి ఒక మిణుకుకూ ఇంకో మిణుకుకూ మధ్య రెండు నిమిషాలు దాటుతుంది. మామగారిని కూడా పక్కన నిలబెట్టుకోండి. నేను పది పేజీలు రాసినా నమ్మనివాళ్లు ఆ ఎర్ర చుక్కను నమ్ముతారు.

అంత తేడా ఎందుకంటే, పాత బల్బు నిజానికి దీపం కాదు, పొయ్యి. లోపలి టంగ్‌స్టన్ తీగ రెండున్నర వేల డిగ్రీల దాకా కాగి ఎర్రబడితే వచ్చే వెలుగు అది. తిన్న కరెంటులో నూటికి ఐదు వంతులు వెలుగు, మిగతాదంతా వేడి. అందుకే కదా చలికాలంలో కోడిపిల్లలకు వెచ్చగా ఉండాలని గంప కింద అరవై బల్బు పెడతారు! కోడిపిల్లలకు మంచిదే. మే నెలలో వంటింట్లో మీ నెత్తి మీద ఎందుకు? ఎల్‌ఈడీలో కాగే తీగ లేదు. చిన్న చిప్ ఒకటి కరెంటును నేరుగా వెలుగు చేస్తుంది. కొనేటప్పుడు వాట్లు కాకుండా డబ్బా మీద ల్యూమెన్లు చూడండి, వెలుతురుకు కొలత అదే. అరవై బల్బు ఇచ్చేది దాదాపు 700 ల్యూమెన్లు. మంచి 9 వాట్ల ఎల్‌ఈడీ 800 పైనే ఇస్తుంది.

బావగారి మాటకు వద్దాం. ఏడాదిలో ఎక్కువ నెలలు సున్నా బిల్లు వస్తుంటే ఎందుకు అన్నారు. 2022 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన టారిఫ్‌తో లెక్క చెబుతాను, ఆయనకు చదివి వినిపించండి. మామూలు ఇంటికి 200 యూనిట్లు కాలితే మొదటి వందకు 3.40 చొప్పున, రెండో వందకు 4.80 చొప్పున 820 రూపాయలు. మీకైతే గృహజ్యోతి వల్ల అది సున్నా. 201 కాలిందనుకోండి. అప్పుడు స్లాబే మారిపోతుంది. మొదటి 200 యూనిట్లన్నిటికీ 5.10 చొప్పున 1,020, ఆ ఒక్క యూనిట్‌కు 7.70, మొత్తం 1,027 రూపాయల 70 పైసలు. గృహజ్యోతి ఆ నెలకు వర్తించదు కాబట్టి ఇది మొత్తం మీరే కట్టాలి. ఒక్క యూనిట్ ఖరీదు వెయ్యి రూపాయలు! మీ మే నెల 228 యూనిట్లకు 1,235 రూపాయల 60 పైసలు, ఆపైన ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, డ్యూటీ. ఏప్రిల్‌ది 1,166. రెండు నెలలకు 2,400 పైన పోయింది.

దీనికి ఎదురుగా ఖర్చు చూడండి. బ్యాటెన్లు రెండు, 9 వాట్ల బల్బులు రెండు, నైట్ ల్యాంపు ఒకటి, ఎలక్ట్రీషియన్ కూలీ. బ్రాండును బట్టి అటూ ఇటూ అయినా వెయ్యి, పన్నెండు వందల్లో అయిపోతుంది. మే ఒక్క నెల బిల్లుతో సమానం. పదేళ్ల కింద అయితే నేనూ ఇంత గట్టిగా చెప్పేవాణ్ని కాదు. 2014లో ప్రభుత్వ సంస్థే ఎల్‌ఈడీ బల్బును టోకుగా 310 రూపాయలకు కొన్నది. 2015 జనవరి 5న మొదలై తర్వాత ఉజాలా అని పేరు పెట్టుకున్న పథకం కింద కోట్ల లెక్కన ఒకేసారి కొనడంతో రెండేళ్లలో ఆ టోకు ధర 40 రూపాయల లోపుకు దిగింది. దేశమంతా 36 కోట్లకు పైగా బల్బులు ఆ పథకం కింద ఇళ్లకు చేరాయి. ఇప్పుడు మంచి బ్రాండు బల్బు షాపులో వంద రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది.

ఇంకో మాట కూడా బావగారికి చెప్పాలి. మీకు ఫ్రీ వచ్చిన కరెంటు ఊరికే పుట్టలేదు. మీ పరకాల నుంచి రేగొండ మీదుగా భూపాలపల్లి పోతుంటే చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు కనిపిస్తాయి. 1,100 మెగావాట్ల స్టేషన్ అది. అటు రామగుండంలో ఎన్‌టీపీసీ పాత స్టేషన్‌ది 2,600, జైపూర్‌లో సింగరేణిది 1,200. మన ఉత్తర తెలంగాణ భూమిని తవ్వి తీసిన బొగ్గే మన ఇళ్లలో దీపమవుతున్నది. ఒక యూనిట్‌కు సుమారు 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. మీరు తగ్గించే 38 యూనిట్లంటే నెలకు పాతిక కిలోల పైచిలుకు బొగ్గు. పగలైతే సోలార్ కొంత ఆదుకుంటుంది. దీపాలు పెట్టే వేళకు పొద్దు గూకి ఉంటుంది, ఊరూ వాడా ఒకేసారి స్విచ్ వేస్తుంది, ఆ బరువు ఎక్కువగా బొగ్గు మీదే పడుతుంది. అందుకే దీపంలో మిగిల్చిన యూనిట్‌కు నేను ఎక్కువ విలువ ఇస్తాను. గని దగ్గర, స్టేషన్ దగ్గర ఉండే మన వాళ్ల దుమ్ము, దగ్గు తెలిసినవాళ్లం మనం. బిల్లు మనది కాదు కాబట్టి ఎంతైనా కాలనివ్వండి అనడానికి నాకు నోరు రాదు.

ఇక అంగట్లో కొన్న బల్బులు. ఆ బాధ నాకు తెలుసు. పని నేర్చినవాణ్ని అయి ఉండి కూడా ఒకసారి బతుకమ్మ ముందు తోపుడు బండి మీద నాలుగు చవక బల్బులు కొన్నాను. సంక్రాంతికి ఒక్కటే మిగిలింది. విప్పి చూస్తే చిప్‌లు బాగానే ఉన్నాయి, పోయింది వాటి వెనక ఉండే డ్రైవర్ అనే చిన్న సర్క్యూట్. చవక బల్బుల్లో లోపల పుట్టే వేడిని బయటికి పంపే అల్యూమినియం ఉండదు, ఓల్టేజీ ఎగిరితే తట్టుకునే భాగమూ ఉండదు. మన పల్లెల్లో మోటర్లు నడిచేటప్పుడు ఓల్టేజీ పడిపోతుంది, ఆగగానే ఎగురుతుంది. అందుకని డబ్బా మీద బీఐఎస్ (నాణ్యతా ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉందో లేదో చూడండి. బీఈఈ (కరెంటు పొదుపు చూసే సంస్థ) స్టార్ లేబుల్ చూడండి, ఎక్కువ చుక్కలుంటే ఒక్కో వాటుకు ఎక్కువ వెలుగని అర్థం. ఎంత ఓల్టేజీ నుంచి ఎంత దాకా పనిచేస్తుందో కూడా రాసి ఉంటుంది, ఆ రెండు అంకెల మధ్య దూరం ఎక్కువున్నది తీసుకోండి. గ్యారంటీ ఉన్నదే కొని, బిల్లు అడిగి తీసుకుని దాచిపెట్టండి. ఏ బల్బునైనా చుట్టూ మూసేసిన గాజు బుడ్డీలో బిగించొద్దు. లోపల వేడికి ఉడికి తొందరగా పోతుంది.

నాలుగో బల్బు సంగతి మాత్రం నవ్వి వదిలేసేది కాదు. చిన్నోడికి చెప్పండి, అది దయ్యం కాదు, వైరింగ్‌లో తప్పు అయ్యుంటుంది. స్విచ్ ఎప్పుడూ ఫేజ్ వైరు, అంటే కరెంటు తెచ్చే వైరు మీద ఉండాలి. కొన్ని ఇళ్లలో పొరపాటున న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి పోయే వైరు మీద పెడతారు. అప్పుడు స్విచ్ ఆపినా హోల్డరులో కరెంటు ఉండనే ఉంటుంది. పాత బల్బుకు ఆ కొసరు చాలదు కాబట్టి బయటపడదు. ఎల్‌ఈడీకి రవ్వంత చాలు, అందుకే సన్నగా మెరుస్తుంది. స్విచ్‌లో చిన్న ఇండికేటర్ దీపం ఉన్నా ఇలా జరగవచ్చు, అది ప్రమాదం కాదు. ఇండికేటర్ లేకపోతే మాత్రం వెంటనే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి టెస్టర్‌తో చూపించండి. స్విచ్ ఆపాం కదా అని ఆ హోల్డరులో వేలు తగిలితే షాక్ కొడుతుంది. అది సరిచేసేదాకా మెయిన్ ఆపకుండా అక్కడ బల్బు మార్చొద్దు, పిల్లల్ని అసలు ముట్టుకోనివ్వొద్దు. ఎలక్ట్రీషియన్ వచ్చిన రోజే కొట్టంలో వైరు కూడా చూపించండి. తడి నేల, అతుకుల వైరు కలిస్తే బర్రెకూ ప్రమాదమే, పాలు పిండే మీకూ ప్రమాదమే. వైరును పైపులో వేయించి, నీళ్లు పడని మూత ఉన్న హోల్డరు పెట్టించండి. దానికయ్యే ఖర్చును నేను ఆదా లెక్కలో కలపలేదు, అది ప్రాణాల లెక్క.

ఇప్పుడు మామగారి కళ్లు. ఆయన మాట తీసిపారేయకండి. ఆయన చెప్పేదాంట్లో నిజముంది, కారణం మాత్రం వేరు కావచ్చు. తెల్ల ఎల్‌ఈడీ లోపల ఉండేది నిజానికి నీలి వెలుగు. ఆ నీలి ఎల్‌ఈడీని పనికొచ్చేలా చేసినందుకే అకసాకి, అమనో, నకమురా అనే ముగ్గురికి 2014లో భౌతిక శాస్త్ర నోబెల్ ఇచ్చారు. నీలి చిప్ మీద పసుపు పూత వేస్తే రెండూ కలిసి తెలుపుగా కనబడతాయి. పూతను బట్టి వెలుగు రంగు మారుతుంది. డబ్బా మీద 6500కె అని ఉంటే నీలి ఛాయ తెలుపు, 4000కె నడిమి రకం, 2700కె లేదా 3000కె ఉంటే మన పాత బల్బులాంటి పసుపు. మీరు తెచ్చినవి 6500 రకం అయ్యుంటాయి. జీవితమంతా పసుపు వెలుగులో భోంచేసిన మనిషికి అది గుచ్చుకోదా మరి! ఆయన కూర్చునే చోట, పడుకునే చోట 2700కె పెట్టండి. ఖరీదు అంతే, కరెంటూ దాదాపు అంతే. ఇంట్లో ఎల్‌ఈడీ నుంచి వచ్చే నీలి వెలుగు పగటి ఎండలో ఉన్నదానితో పోలిస్తే చాలా తక్కువ, కాబట్టి కళ్లు పోతాయన్న భయం అక్కర్లేదు. నిద్ర పట్టాలంటే మాత్రం పడుకునే ముందు పసుపు వెలుగే నయం.

చవక బల్బు మనకు తెలియకుండా సెకనుకు వందసార్లు అదురుతుంటుంది. ఫోన్ కెమెరా దాని ముందు పెట్టి చూడండి, తెర మీద నల్ల చారలు పారుతుంటే ఆ బల్బు అదురుతున్నట్టే. కొందరికి దానివల్ల తలనొప్పి వస్తుంది. మంచి డ్రైవర్ ఉన్న బల్బులో ఆ చారలు కనబడవు, లేదా చాలా సన్నగా ఉంటాయి.

ఇంకొకటి చెల్లె, ఇది బల్బుల గురించి కాదు. అరవై దాటిన కంటి లోపలికి, ఇరవై ఏళ్ల కంటికి అందే వెలుతురులో దాదాపు మూడో వంతే చేరుతుంది. కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పచ్చబడుతుంది. అంటే పెద్దవాళ్లకు వెలుతురు ఎక్కువ కావాలి. అదే సమయంలో దీపం చూస్తే చెదిరిపోయి గుచ్చుతున్నదంటే, దీపం చుట్టూ వలయాలు కనబడుతున్నాయంటే శుక్లం మొదలై ఉండవచ్చు. ఆయన్ను ఒకసారి కంటి పరీక్షకు తీసుకుపోండి. వరంగల్‌లో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. కరెంటు ఆదా అని ఆయనా మసక వెలుగులో తిరిగి కాలు జారితే మనం మిగిల్చిందేమీ ఉండదు.

పాపకు పైన బ్యాటెన్ వెలుగుతో పాటు టేబుల్ ల్యాంపు ఒకటి పెట్టండి. కుడిచేత్తో రాసే పిల్లయితే ల్యాంపు ఎడమ పక్కన ఉండాలి, లేకపోతే చేతి నీడ అక్షరాల మీద పడుతుంది. బల్బు నేరుగా కంట్లో పడకుండా కప్పు ఉన్న ల్యాంపు తీసుకోండి.

దాచకుండా ఇంకొక నిజం చెప్పాలి. మీ బిల్లు చలికాలంలో 200 దాటక, ఎండాకాలంలోనే ఎందుకు దాటుతున్నది? ఫ్యాన్ల వల్ల, కూలర్ వల్ల. లైట్లు రెండు కాలాల్లోనూ అవే కదా. పాత ఫ్యాన్ 75 వాట్లు. రోజుకు 16 గంటలు తిరిగితే నెలకు 36 యూనిట్లు. మూడు ఫ్యాన్లుంటే లైట్లన్నిటి కన్నా రెండింతల పైన. తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల చుట్టుపక్కల తీసుకుంటుంది, ఒక్కో ఫ్యాన్‌కు 20 యూనిట్ల పైన మిగులుతుంది. కానీ ఒక్కోటి రెండున్నర, మూడు వేలు. ఇవాళ వెయ్యి రూపాయలతో 38 యూనిట్లు తగ్గించే దారి లైట్లే, అందుకే ముందు అవి. వచ్చే ఎండాకాలంలోపు వీలైతే రాత్రంతా తిరిగే ఫ్యాన్ ఒక్కటి మార్చుకోండి. అప్పుడు ఎండాకాలంలో కూడా మీకు 200 భయం చాలా తగ్గుతుంది. ఎల్‌ఈడీ తక్కువే తింటుంది కదా అని పగలు కూడా వెలగనిస్తే మాత్రం ఈ లెక్కలన్నీ తప్పిపోతాయి.

విప్పిన పాత ట్యూబులను పగలగొట్టకండి, పిల్లలు ఆడుకునే పెంట కుప్ప మీద పారేయకండి. ట్యూబులైట్లలో, సీఎఫ్‌ఎల్‌లలో రవ్వంత పాదరసం ఉంటుంది. అట్టలో చుట్టి మున్సిపాలిటీ లేదా పంచాయతీ చెత్త బండి వాళ్లకు విడిగా, చెప్పి ఇవ్వండి. చేయి జారి పగిలితే కిటికీలు తెరిచి పిల్లల్ని కాసేపు బయటికి పంపండి. చీపురుతో ఊడ్చొద్దు, ముక్కల్ని అట్టతో ఎత్తి, తడిగుడ్డతో తుడిచి, అన్నీ ఒక సీసాలో వేసి మూత బిగించండి.

డబ్బులన్నీ ఒకేసారి సర్దుబాటు కాకపోతే మొదట కొట్టంలో బల్బు, తర్వాత వంటింట్లోది, ఆపైన పాప గది బ్యాటెన్, ఆ తర్వాత హాలుది. జీరో బల్బు ఎప్పుడైనా మార్చొచ్చు, యాభై రూపాయల పని. కొట్టంలో బల్బు మార్చిన రాత్రి మీటరు దగ్గర పాప లెక్కపెట్టిన సెకన్లు ఎన్నో నాకు ఒక కార్డు ముక్క రాయండి. జూన్ బిల్లు వచ్చాక ఆ రీడింగు కూడా.